సిస్టర్ రాసిన స్టూడియో సీను

షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. దుబాయ్‌లో టీవీ స్టూడియోలో పనిచేసి రిటైరైన మనిషి ఒకడున్నాడని ఎవరో చెప్పి ఉంటారు. "అంకుల్, న్యూస్ చదివే సీనొకటి రాస్తున్నాం. తప్పుల్లేకుండా ఉండాలి. కాస్త చెప్పండి" అంటారు. నేను సంతోషంగా మొదలుపెడతాను. మా ఇంట్లో ఈ సంగతులు వినేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారు. అయితే సీను సంగతికి వచ్చే ముందు ఒక నర్సు సంగతి చెప్పాలని చూస్తాను. అది సగానికి వచ్చేసరికి అవతల పిల్లలకు ఏదో పని తగులుతుంది. అందుకని ఈసారి రాసిపెడుతున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

నేను చేసింది ఫ్లోర్ మేనేజర్ ఉద్యోగం. డైరెక్టర్ స్టూడియోలో ఉండడు, పక్కన అద్దాల గదిలో తెరల ముందు కూర్చుంటాడు. ఆయన చెప్పేది హెడ్‌ఫోన్‌లో వింటూ, కెమెరా పక్కన నిలబడి, చేతి సైగలతో యాంకర్‌కు అందించేవాడే ఫ్లోర్ మేనేజర్. అంటే నోరు మూసుకుని పని జరిపించే కొలువు. మాది జగిత్యాల వైపు. మా దగ్గర పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మాట్లాడుకుంటారు. నోరు మూసుకోవడం నేర్చుకోవడానికే నాకు కొన్నేళ్లు పట్టింది.

ఆ నర్సును నేను మొదట చూసింది కరోనా టీకాల కాలంలో. సూది వేసి, కాసేపు ఇక్కడే కూర్చోవాలని హాల్లో కూర్చోబెట్టారు. ఎదురుగా గోడ మీద టీవీలో తెలుగు సినిమా వస్తోంది. ఆసుపత్రి సీను. హీరో మంచం మీద ఉన్నాడు, పక్కన మిషన్‌లో గీత తిన్నగా అయిపోయింది, డాక్టర్ రెండు ఇస్త్రీపెట్టెల్లాంటివి తెచ్చి హీరో గుండెకు కరెంటు పెట్టాడు. మా మీద కన్నేసి ఉంచాల్సిన నర్సు మమ్మల్ని వదిలేసి టీవీ వైపు తిరిగింది.

"గీత తిన్నగా అయిపోయాక షాకివ్వరండీ. గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంటే ఇస్తారు. ఆగిపోయినదానికి ఇచ్చి ఏం లాభం?" అంది, నన్నే అడుగుతున్నట్టు.

నాకు తెలియదని చెప్పాను. నాకు తెలిసింది ఒకటుంది, నేను టీవీలో పనిచేస్తానని చెప్పాను. ఆ మాట ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు, టీకా ప్రభావం అయి ఉంటుంది. ఆమె కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. సినిమాల్లో సెలైన్ సీసా ఎక్కడ వేలాడదీస్తారో, ఆపరేషన్ చేసిన చేతి తొడుగులతోనే డాక్టర్లు కళ్లజోడు ఎలా సర్దుకుంటారో, నర్సులు ఉన్నదే "డాక్టర్ గారూ" అని పరిగెత్తడానికన్నట్టు ఎలా రాస్తారో వరుసగా చెప్పింది. నా ప్రాణానికి వచ్చిన ముప్పేమీ లేదని తేలి నన్ను పంపేసేసరికి ఆమెకు నా నంబరు దొరికింది, నాకు ఆమె పగ అర్థమైంది.

ఆమెది తణుకు దగ్గర. దుబాయ్ ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా ఉంది. అందరూ సిస్టర్ అనే పిలుస్తారు, నేనూ అంతే. ఏడాది దాటాక ఒకరోజు ఫోన్ చేసింది. మన తెలుగువాళ్ల సంఘం ఉగాది సభలో షార్ట్ ఫిల్ముల పోటీ పెట్టిందట. ఆమె కథ రాసింది. కథ ఆసుపత్రిలో కాదు, టీవీ స్టూడియోలో.

"ఆసుపత్రి వాళ్లం కాబట్టి ఆసుపత్రిదే రాస్తామనుకుంటారు కదండీ. మా గురించి వాళ్లు రాసినట్టు నేను ఇంకొకళ్ల గురించి రాయకూడదన్నయ్యా. ఒక్క తప్పు కూడా ఉండకూడదు" అంది.

కరామాలో ఒక టిఫిన్ హోటల్లో కలిశాం. చర్చి నుంచి నేరుగా వచ్చింది. ఆమెతో పాటు ఇంకొకాయన వచ్చాడు. జెబెల్ అలీలో గోదాం సూపర్‌వైజర్, మా జగిత్యాల వైపు మనిషే, నన్ను అన్నా అంటాడు కాబట్టి నాకు తమ్ముడు. సంఘం నాటకాల్లో ఎప్పుడూ పోలీసు వేషం వేస్తాడు, ఎందుకంటే మైకు అక్కర్లేదు. ఇందులో ఫ్లోర్ మేనేజర్ వేషం ఆయనదట. ఆ గొంతు విన్నాక నాకు కొంచెం దిగులేసింది.

కథ మంచిది. తెలుగు వార్తలు చదివే ఒక యాంకర్. ఆమె తమ్ముడు అక్కడే లేబర్ క్యాంపులో ఉంటాడు. లైవ్‌లో చదువుతుండగా ఆ క్యాంపులో మంటలన్న వార్త ఎదురుగా అక్షరాల్లో వస్తుంది. చదవాలి. చదువుతుంది. అంతే కథ.

కథ అంతే, కానీ చుట్టూ ఉన్నది చూస్తే మా స్టూడియో కాదు, సంతలా ఉంది. లైవ్‌లో యాంకర్ సెల్‌ఫోన్ మోగుతుంది. డైరెక్టర్ పొడుగు గొట్టం పట్టుకుని "యాక్షన్" అని అరుస్తాడు. మధ్యలో "కట్" అంటాడు. కాగితాలు పట్టుకుని నలుగురు పరిగెడుతుంటారు. తలుపు మీద ఎర్రబల్బు అంబులెన్స్ మీద లైటులాగా తిరుగుతుంటుంది. కెమెరామన్ ఏడుస్తాడు.

నేను చాయ్ ఆర్డరిచ్చి మొదలుపెట్టాను. లైవ్‌లో కట్ అనేది ఉండదమ్మా, ఉంటే మా అందరి ఉద్యోగాలే కట్ అన్నాను. యాంకర్ చెవిలో చిన్న ఇయర్‌పీస్ ఉంటుంది, డైరెక్టర్ గొంతు అందులో మాత్రమే వినబడుతుంది. ఆమె తిరిగి మాట్లాడటానికి లేదు, మాట్లాడితే లోకమంతా వింటుంది. వార్త కెమెరా ముందున్న అద్దం మీద అక్షరాలుగా కదులుతుంటుంది, దాన్ని ప్రాంప్టర్ అంటారు. బల్ల మీద కాగితాలు అలంకారం కాదు, ప్రాంప్టర్ ఆగిపోతే దిక్కు అవే. ఏ కెమెరా మీద ఎర్రలైటు వెలిగితే యాంకర్ దానికేసి చూడాలి. లోపల చలికి వణుకుతారు. బల్లకు పైన కోటు, కింద ఏముంటుందో అడక్కండి. కోటు, టై కింద లుంగీతో కూర్చుని బడ్జెట్ మొత్తం చదివిన పెద్దమనిషి నాకు తెలుసు.

సిస్టర్ అన్నీ రాసుకుంది. ఇంజెక్షన్ మోతాదు రాసుకున్నంత శ్రద్ధగా రాసుకుంది. తర్వాతి వారం మళ్లీ కలిశాం, ఇంకొన్ని చెప్పాను. ఆ పైవారం ఇంకొన్ని. ముప్ఫై ఏళ్లుగా ఎవరూ అడగని ఉద్యోగం గురించి ఒక మనిషి అడుగుతుంటే ఆపడం ఎవరి తరం? చూస్తుండగానే సీను పాకంలా సాగింది. మైకు తీగ కోటులోంచి ఎలా పోతుందో ఒక పేజీ ఉంది.

పూర్తయిందనుకున్న రోజు సిస్టర్ హోటల్లో మొత్తం చదివి వినిపించింది. నేను ముచ్చటగా విన్నాను. ఒక్క తప్పు లేదు. గోదాం తమ్ముడు రెండో చాయ్ కూడా తాగేసి అడిగాడు.

"అన్నా, అంత మంచిగనే ఉంది గని, గండ్ల ఆ తమ్మునికి ఏమైందో ఎప్పుడొస్తది?"

సిస్టర్ పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది. కథలో తమ్ముడి సంగతి ఎక్కడో మైకు బ్యాటరీ మార్చే భాగంలో కొట్టుకుపోయింది. ఆమె కాగితాలు బల్ల మీద పెట్టి, కోపం లేకుండానే అంది, "అన్నయ్యా, ఇది సీను కాదండి. మీ స్టూడియోలో కొత్తగా చేరినోళ్లకి ట్రైనింగు."

నా మనసుకు కొంచెం తగిలింది. గోదాం తమ్ముడు నా ముందుకు ఒక వడ జరిపాడు. సిస్టరే మళ్లీ చెప్పింది. వాళ్ల వార్డులో ఎవరైనా పోయినప్పుడు మిషన్లలో ఏం కనబడిందో తనకు గుర్తుండదట. పక్క మంచం నర్సు వచ్చి ఏమీ అనకుండా తన చేతిలోని ట్రే తీసుకోవడం గుర్తుంటుందట. "మీ దగ్గర అలాంటిదేదైనా ఉంటే చెప్పండి. తీగలు వద్దు" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. కరోనా మొదటి రోజుల్లో స్టూడియోలోకి కొద్దిమందినే రానిచ్చేవాళ్లు. ఒక మధ్యాహ్నం మా తెలుగు బులెటిన్ నడుస్తుండగా ఒక యాంకర్‌కు ఊళ్లో దగ్గరివాళ్లు పోయారని తెలిసింది. ప్రకటనల విరామం వచ్చింది. మా మేకప్ ఆమె ఫిలిప్పీన్స్ మనిషి, వసపిట్ట. ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. కాగితం రుమాలు మడిచి, యాంకర్ కంటి కింద కాటుక చెరగకుండా ఆనించి పట్టుకుని నిలబడింది. నీళ్లు అందులోకే పోయాయి. నేను వేళ్లు చూపించాను, ఆమె పక్కకు జరిగింది, ఎర్రలైటు వెలిగింది, యాంకర్ నమస్కారం పెట్టింది. ఇంట్లో చూసేవాళ్లకు ఏమీ తెలియలేదు.

సిస్టర్ ఇది రాసుకోలేదు. తర్వాతి వారం సీను మూడు పేజీలతో వచ్చింది. రుమాలు ఉంది. తీగలు పోయాయి. మైకు బ్యాటరీ ఒక్కటి ఉంచమని అడిగాను, ఒప్పుకోలేదు.

యాంకర్ వేషం సిస్టరే వేస్తానంది. మేకప్ ఆమె తన వేషం తానే వేస్తానని ఒప్పుకుని, తనకు మేకప్ ఎవరు చేస్తారని అడిగింది. గోదాం తమ్ముడికి సైగలు నేర్పడమే మిగిలింది. ఫోర్క్‌లిఫ్టుల మధ్య అరిచి అరిచి పని చేయించే మనిషికి నోరు కదపకుండా వేళ్లతో లెక్క చూపించమంటే, వేళ్లు చూపిస్తూ లెక్క కూడా పైకి చదివేవాడు. ఎర్రలైటు వెలిగి ఉండగా ఎవరు లోపలికి వచ్చినా, వాళ్లు ఎంతవాళ్లైనా, అరచేయి చూపించి ఆపాలి, నోరు తెరవొద్దని అదే పనిగా చెప్పాను. పట్టుదల గల మనిషి. కొన్నాళ్లకు గోదాంలో కూడా సైగలతోనే పని నడిపిస్తున్నానని, కూలీలు తనకు గొంతులో ఏదో జబ్బు చేసిందనుకుంటున్నారని ఫోన్ చేసి చెప్పాడు.

ఇక స్టూడియో. అప్పటికి నేను రిటైరవడానికి కొద్ది వారాలే ఉంది. నా కాగితాలన్నీ ముదీర్ బల్ల మీదున్నాయి. ముదీర్ అంటే మా మేనేజరు, ఈజిప్టు ఆయన. ఆగస్టు ఎండలో కూడా కోటు విప్పడు. శనివారం మధ్యాహ్నం లైవ్ ఏమీ ఉండదు, అప్పుడు స్టూడియో వాడుకుంటామని అడిగాను. ఆయన వేరే ఫోనులో ఉండి "యల్లా, యల్లా" అన్నాడు, అంటే కానివ్వమని. మళ్లీ పిలిచి, బయటికి ఒక్క ముక్క పోయిందంటే మాత్రం ఖలాస్ అన్నాడు. ఎవరు ఖలాసో చెప్పలేదు. లేని అగ్నిప్రమాదాన్ని వార్తగా ప్రసారం చేయడమంటే ఆ దేశంలో నవ్వులాట కాదు, జైలు మాట.

అందుకని అద్దాల గదిలో కెమెరాలు మార్చే మా మలయాళీ స్నేహితుణ్ని బతిమాలి పిలిచాను. దేన్నీ నమ్మని మనిషి. శాటిలైట్‌కు పోయే లైనును తన చేత్తో పీకేసి, పీకిన కొసను నాకు చూపించి, దాన్ని జేబులో పెట్టుకున్నాడు. అంతకంటే భద్రం ఏముంటుందనుకున్నాను.

పీకనిది ఒకటుంది, భవనంలోని టీవీలకు పోయే లైను. మా స్టూడియోలో ఏది నడిస్తే అది రిసెప్షన్‌లో, కాంటీన్‌లో కనబడేలా భవనం కట్టినప్పుడే ఎవరో వేశారు. అది ఎప్పుడూ ఉండేది కాబట్టి మా ఇద్దరిలో ఎవరికీ అదొకటి ఉందని తట్టలేదు.

శనివారం అంతా బాగా నడిచింది. సిస్టర్ కోసం తెర కింద అక్షరాల పట్టీ కూడా వేశాం, అసలు బులెటిన్‌లో లాగానే. సినిమా కోసం తీసే కెమెరాను స్టూడియో వెనక మూలన నిలబెట్టాం, బల్ల, కెమెరాలు, తలుపు అన్నీ కనబడేలా. ఒకటే ఇబ్బంది. చివరి వార్త సిస్టర్ ఎన్నిసార్లు చదివినా కుదరలేదు. ఒకసారి మరీ ఏడుపు, ఇంకోసారి మందుల చీటీ చదివినట్టు. ఆమెకే తెలిసిపోతోంది. బాగాలేనిదాన్ని బాగుందని నేను అబద్ధం చెప్తే కళ్లతోనే తిట్టేది. ఇంకొక్కసారి, తర్వాత ఏదైతే అది అనుకున్నాం. నేను అద్దాల గదిలో ఉన్నాను. తమ్ముడు నా హెడ్‌ఫోన్ పెట్టుకుని కెమెరా పక్కన వేళ్లు మడిచాడు. ఎర్రలైటు వెలిగింది.

అంతకుముందు టేకులు నడుస్తుండగానే కింద ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. శనివారం రాని ముదీర్ ఆ శనివారం ఏదో మరిచిపోయి ఆఫీసుకు వచ్చాడు. ఆయన డ్రైవర్ కామారెడ్డి మనిషి. కాంటీన్‌లో చాయ్ తాగుతూ తల ఎత్తేసరికి టీవీలో తెలుగు వార్తలు, లేబర్ క్యాంపులో మంటలు. డ్రైవర్ తన క్యాంపు రూములో ఉన్న తోటివాడికి ఫోన్ చేసి ఏమన్నా కాలుతోందా అని అడిగాడు. పప్పు మాడుతోందని ఆ తోటివాడు చెప్పాడు. అది వేరే క్యాంపేమోనని డ్రైవర్ పైకి పరిగెత్తి ముదీర్‌కు చెప్పాడు. స్టూడియోలో లైవ్ లేదని ముదీర్‌కు తెలుసు. లేని లైవ్‌లో ఒక తెలియని ఆడమనిషి తన చానల్ బల్ల దగ్గర కూర్చుని మంటల గురించి చదువుతోందని తెలిశాక ఆ మనిషి లిఫ్టు కోసం కూడా ఆగలేదు.

అద్దంలోంచి నేను చూస్తున్నాను. సిస్టర్ చివరి వార్త మొదలుపెట్టింది. స్టూడియో తలుపు తెరుచుకుంది. కోటుతో ముదీర్, వెనక ఆయాసపడుతూ డ్రైవర్. నా గుండె మిషన్లో గీత తిన్నగా అయిపోయింది.

తమ్ముడికి ముదీర్ ఎవరో తెలియదు. ఎవరైనా వస్తే ఏం చేయాలో మాత్రం తెలుసు. కళ్లు సిస్టర్ మీంచి తిప్పకుండానే ఎడమచేయి చాపి, అరచేయి ముదీర్ ముఖానికి చూపించాడు. ఆ చెయ్యి దించకుండానే రెండో చేతి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

ముదీర్ నోరు తెరిచాడు. కెమెరా మీద ఎర్రలైటు చూశాడు. నోరు మూశాడు. ఎర్రలైటు కింద ఊపిరి కూడా చప్పుడు కాకూడదని మాకందరికీ ఏళ్ల తరబడి నేర్పింది ఆయనే. ఒక కాలు ముందుకు వేసి అట్లాగే నిలబడిపోయాడు. వెనక డ్రైవర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

సిస్టర్ వాళ్లను చూసింది. చూసినట్టు అద్దం ఇవతల నాకు కూడా తెలిసింది. అక్షరం మింగి, మళ్లీ ఎత్తుకుంది. క్యాంపు పేరు, మంటలు అదుపులోకి వచ్చిన సంగతి, గాయపడినవాళ్లను ఆసుపత్రికి తరలించిన సంగతి, ఒక్కొక్కటే నిలకడగా చదివింది. ఏడవలేదు. చదవడం అయ్యాక కాగితాలు ఒక దాని మీద ఒకటి సర్దింది, ఆ సర్దడం సీనులో లేదు. నమస్కారం పెట్టింది. అయిపోయిందని తమ్ముడు పిడికిలి మూశాడు. ఎర్రలైటు ఆరింది.

ముదీర్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. మెల్లగా హిందీలో అడిగాడు, "కౌన్ మరా?"

ఎవరూ పోలేదని, కథ అని సిస్టర్ లేచి చెప్పింది. ముదీర్ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పటికి నేను అద్దాల గదిలోంచి వచ్చి పక్కన నిలబడ్డాను, నా రిటైర్మెంటు కాగితాలను తలుచుకుంటూ. మలయాళీ స్నేహితుడు జేబులోంచి శాటిలైట్ తీగ తీసి ఆయనకు చూపించాడు. బయటికి పోలేదన్న సంగతి ఖాయమయ్యాక ముదీర్‌కు కోపం తీరిగ్గా వచ్చింది. అరబ్బీలో మమ్మల్ని ఏమన్నాడో మాకు పూర్తిగా అర్థం కాలేదు, అదే మంచిదైంది. సినిమాలో చానల్ గుర్తు ఎక్కడా కనబడకూడదన్నాడు. ఆ తర్వాత తమ్ముడి వైపు చూసి, ఇతనెవరని నన్నడిగాడు. గోదాం సూపర్‌వైజర్ అన్నాను. వచ్చే నెల నీ కుర్చీ ఖాళీ కదా, వస్తాడేమో అడుగు అన్నాడు.

తమ్ముడు హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "వద్దన్నా. గీడ రోజంత నోరు మూసుకునుంటే నేను బతక. గోదాంనే మంచిగుంటది" అన్నాడు.

ముదీర్ వెళ్లిపోయాక సిస్టర్ చాలాసేపు బల్ల దగ్గరే కూర్చుంది. నేను మంచినీళ్లు తీసుకెళ్లాను.

"మా వార్డులోకి ఎవరైనా అలా పరిగెత్తుకొచ్చారంటే ఒకటే అర్థమన్నయ్యా. నిజంగానే ఎక్కడో ఏదో అయిపోయిందనుకున్నాను. అయినా కెమెరా పక్కన ఈయన చెయ్యి దించలేదు. చదవాలి కదాని చదివాను" అంది.

ఇంకోసారి తీద్దామా అని నేను అడగలేదు. ఆ టేకే ఉంచారు. వెనక మూలన ఉన్న కెమెరాలో ముదీరూ డ్రైవరూ చక్కగా పడ్డారు. వాళ్లను తీసేద్దామంటే వీల్లేదు, సిస్టర్ ముఖం మారేదే వాళ్లను చూసి. ముదీర్‌ను అడగడానికి నేనే వెళ్లాను. ఆయన ఆ ముక్కను నా ఫోనులో రెండుసార్లు చూసుకుని, కోటు బాగా కనబడుతోందని, ఉండనివ్వమని అన్నాడు. నా కాగితాల మీద సంతకం కూడా అదే ఊపులో అయిపోయింది.

ఉగాది సభలో సినిమా వేశారు. వెనక వరుసల్లో క్యాంపు నుంచి వచ్చినవాళ్లు చివరి దాకా కదల్లేదు. బహుమతి మాకు రాలేదు, పిల్లల డాన్సు ఉన్నదానికి వచ్చింది. అది వేరే సంగతి. బయట భోజనాల దగ్గర సంఘం పెద్దాయన ఒకరు ప్లేటు పట్టుకుని సిస్టర్ దగ్గరికి వచ్చారు. సినిమాలు బాగా చూసేవారు, ఏదైనా మొహమాటం లేకుండా చెప్తారని పేరు. స్టూడియో అంటే ఇలాగే ఉంటుంది, ప్రతి చిన్న విషయం ఎంత సహజంగా రాశారమ్మా అని మెచ్చుకున్నారు.

"ఒక్కటే నప్పలేదమ్మా. చివర్లో ఆ కోటు మనిషి పరిగెత్తుకొచ్చి బొమ్మలాగా నిలబడిపోవడం. నిజం స్టూడియోలో అట్లాంటివి ఎక్కడ జరుగుతాయి? అక్కడ కాస్త సినిమా అయిపోయింది" అన్నారు.

తమ్ముడు ఏదో అనబోయాడు. నేను అరచేయి చూపించాను. సిస్టర్ మాత్రం ఎంతో వినయంగా తల ఊపింది.

"నిజమేనండి. అదొక్కటీ మేం రాసింది కాదు" అంది.